రాకెట్టు చరిత్రలో కర్త ఎవరు? – పీనెముండె మ్యూజియం, డోరా సొరంగాలు

1

ఉత్తర జర్మనీలో బాల్టిక్ సముద్రాన్ని ఆనుకొని ఉజెడొమ్ అనే ద్వీపం ఉంది. దాని కొసన, పీనె నది సముద్రంలో కలిసే చోట, పీనెముండె అనే చిన్న జాలరిపల్లె ఉండేది. 1936లో హిట్లర్ సైన్యమూ, విమానదళమూ ఆ ప్రాంతాన్ని స్వాధీనం చేసుకొని, పల్లెను ఖాళీ చేయించి, రాకెట్టు పరిశోధన కేంద్రం కట్టడం మొదలుపెట్టాయి. చుట్టూ అడవి, ముందు సముద్రం. ప్రయోగించిన రాకెట్టు తీరం పొడవునా వందల కిలోమీటర్లు పోయి నీళ్లలో పడుతుంది, చూసేవాళ్లు ఉండరు. రహస్యానికి అంతకన్నా అనువైన చోటు దొరకదు.

ఆ కేంద్రంలో ఈనాటికీ నిలిచి ఉన్న పెద్ద కట్టడం బొగ్గుతో నడిచిన విద్యుత్ కేంద్రం. రాకెట్టుకూ విద్యుత్తుకూ సంబంధం ఏమిటనే సందేహం రావచ్చు. అక్కడ తయారైన రాకెట్టు ఆల్కహాలును మండించుకొని ఎగిరేది. గాలి పలచబడిన ఎత్తుల్లో ఇంధనం మండాలంటే ఆక్సిజన్‌ను వెంట తీసుకుపోక తప్పదు. అది ద్రవరూపంలో ఉండాలి. గాలిని చల్లార్చి ఆక్సిజన్‌ను ద్రవంగా మార్చడానికి విపరీతమైన విద్యుత్తు కావాలి. అందుకోసం కట్టిన ఈ విద్యుత్ కేంద్రం 1942లో పని మొదలుపెట్టింది. యుద్ధం ముగిసి, నాజీలు పోయి, తూర్పు జర్మనీ ఏర్పడిన తర్వాత కూడా 1990 దాకా అది చుట్టుపక్కల ఊళ్లకు కరెంటు ఇస్తూనే ఉంది. 1991లో దాన్ని మ్యూజియంగా మార్చారు.

ఆవరణలో నిలువెత్తు వి-2 రాకెట్టు నమూనా సందర్శకుణ్ణి ముందుగా ఆకర్షిస్తుంది. పద్నాలుగు మీటర్ల ఎత్తు, కిందివైపు నాలుగు రెక్కలు, సూదిమొన వంటి తల. ఇంధనం నింపితే పన్నెండున్నర టన్నుల బరువు. అందులో పేలుడు తల ఒక టన్ను. మూడు వందల కిలోమీటర్లకు మించిన దూరం. శబ్దంకన్నా ఎన్నో రెట్లు వేగం కనుక పడేముందు చప్పుడు వినబడదు. ముందు పేలుడు, ఆ తర్వాతనే అది వచ్చిన మోత. దాని సన్నని రూపంలో ఒక అందం ఉందని ఒప్పుకోవాలి. మన చిన్నప్పటి కథల పుస్తకాలలో చంద్రమండలానికి పోయే రాకెట్టు బొమ్మలన్నీ దీన్ని చూసి వేసినవే.

1942 అక్టోబరు 3న ఈ రాకెట్టు మొట్టమొదటిసారి సరిగా ఎగిరింది. దాదాపు 85 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, 190 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో పడింది. కేంద్రం సైనికాధిపతి వాల్టర్ డార్న్‌బర్గర్ ఆనాటి సాయంత్రమే తన అనుచరులతో రోదసీ నౌక పుట్టిన రోజిది అన్నట్టు తర్వాత రాసుకున్నాడు. సాంకేతికంగా కేంద్రాన్ని నడిపిన వెర్నర్ ఫాన్ బ్రౌన్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు. ఇంజనీర్లు దానికి పెట్టుకున్న పేరు ఎ-4. దానికి వి-2, అంటే రెండవ ప్రతీకారాయుధం, అని పేరు పెట్టింది గోబెల్స్ ప్రచార శాఖ.

ఒకే వస్తువుకు రెండు పేర్లు, రెండు చరిత్రలు. చంద్రుడివైపు వేసిన తొలి అడుగు అని ఒక చరిత్ర. లండన్, యాంట్వెర్ప్ నగరాల మీద పడ్డ మృత్యువు అని ఇంకొక చరిత్ర. సాధారణంగా చర్చ ఈ రెంటి మధ్యనే సాగుతుంది. రాకెట్టు మంచికి పనికొచ్చిందా, చెడుకు పనికొచ్చిందా అని తూకం వేస్తారు. కత్తితో కూరా తరగవచ్చు, గొంతూ కోయవచ్చు, తప్పు కత్తిది కాదు అని తీర్పు చెబుతారు. ఈ తీర్పు పైకి సమంజసంగానే ఉంటుంది. కాని అది ఒక ప్రశ్నను అడగనివ్వదు: ఆ కత్తిని ఎవరు చేశారు? ఏ పరిస్థితిలో చేశారు? ఈ వ్యాసం ఆ మూడవ చరిత్ర గురించి.

2

రాకెట్టు గురించి రాసిన పుస్తకాలలోని వాక్యాలను కొంచెం జాగ్రత్తగా చదవండి. “1942లో రాకెట్టు ఎగిరింది.” “1944లో వేల సంఖ్యలో ఉత్పత్తి అయింది.” “ఉత్పత్తి భూగర్భానికి తరలించబడింది.” మొదటి రెండూ అకర్మక క్రియలు. మూడవది కర్మణి ప్రయోగం. మన భాషలో ఈ వెసులుబాటు మరీ ఎక్కువ. ‘చేశారు’ అంటే ఎవరని అడగవలసి వస్తుంది. ‘తయారయింది’ అంటే ఇక అడగనక్కరలేదు. వాన కురిసినట్టు, పొద్దు పొడిచినట్టు అది తనంత తానే అయిపోతుంది. వ్యాకరణంలో ఇందులో తప్పేమీ లేదు. చరిత్ర రచనలో మాత్రం కర్త లోపించిన చోట సాధారణంగా ఒక నేరమో, ఒక శ్రమో దాగి ఉంటుంది. ఇక్కడ రెండూ దాగి ఉన్నాయి.

పీనెముండెలో కర్తగా మనకు పరిచయమయ్యేది శాస్త్రజ్ఞుడు. తెల్లకోటు, గీతలు గీసిన బల్ల, లెక్కలు, విఫలమైన ప్రయోగాలు, చివరికి విజయం. ఇది అబద్ధం కాదు. గైరోస్కోపుతో దిశను నిలబెట్టడం, మంటలోనే గ్రాఫైటు పలకలు పెట్టి గమనాన్ని మళ్లించడం, హైడ్రోజన్ పెరాక్సైడుతో నడిచే పంపుతో ఇంధనాన్ని తోయడం నిజంగా గొప్ప ఆలోచనలు. కాని ఈ కేంద్రంలో శాస్త్రజ్ఞులతో పాటు యుద్ధఖైదీలు, పోలండు వంటి ఆక్రమిత దేశాల నుంచి బలవంతంగా తెచ్చిన కూలీలు వేల సంఖ్యలో పనిచేశారు. రోడ్లు వేసినదీ, కట్టడాలు లేపినదీ చాలావరకు వాళ్లే.

1943 ఏప్రిల్‌లో పీనెముండె ఇంజనీరు ఆర్థర్ రూడాల్ఫ్ బెర్లిన్ దగ్గర ఒక విమాన కర్మాగారం చూసి వచ్చాడు. అక్కడ నిర్బంధ శిబిరం ఖైదీలచేత పని చేయిస్తున్నారు. ఆ పద్ధతి తమకూ అనుకూలంగా ఉంటుందని, రహస్యం కాపాడటానికి కూడా పనికొస్తుందని సిఫారసు చేశాడు. రెండు నెలల్లో బుఖెన్‌వాల్డ్ శిబిరం నుంచి తొలి ఖైదీల జట్టు పీనెముండె చేరింది. అంటే, శాస్త్రజ్ఞులు తమ పని తాము చేసుకుంటూ ఉంటే ఎస్.ఎస్. దళాలు వచ్చి దాన్ని చెరబట్టాయన్న కథ నిలబడదు. బానిస చాకిరిని అడిగి తెచ్చుకున్నవాడు ఇంజనీరు. ఉత్పత్తి వేగం పెంచవలసిన అవసరం అతని చేత అడిగించింది.

అదే సంవత్సరం ఆగస్టు 17 రాత్రి బ్రిటిష్ విమానదళం దాదాపు 600 బాంబర్లతో పీనెముండె మీద విరుచుకుపడింది. గురి శాస్త్రజ్ఞుల నివాసాలు. కాని గుర్తు దీపాలు తప్పుచోట పడటంతో తొలి బాంబులు ట్రాసెన్‌హైడెలోని విదేశీ కూలీల శిబిరం మీద పడ్డాయి. తాళాలు వేసి, ముళ్లకంచె బిగించిన శిబిరం; పారిపోవడానికి దారి లేదు. వందల మంది అక్కడే కాలిపోయారు. చనిపోయిన వాళ్లలో కేంద్రం గురించిన సమాచారాన్ని రహస్యంగా బయటికి అందించినవాళ్లు కూడా ఉన్నారంటారు. ఇంజను రూపశిల్పి వాల్టర్ టీల్ కూడా ఆ రాత్రే చనిపోయాడు. చరిత్ర పుస్తకాలలో పేరుతో మిగిలింది టీల్. మిగతావాళ్లు సంఖ్యగా మిగిలారు.

3

బాంబుదాడి జరిగిన కొద్ది రోజులకే ఉత్పత్తిని భూమి లోపలికి మార్చాలని నిర్ణయించారు. మధ్య జర్మనీలో హార్జ్ పర్వతాల అంచున నార్డ్‌హౌజెన్ అనే ఊరు ఉంది. దాని పక్కన కోన్‌స్టైన్ అనే కొండ. అందులో అంతకుముందే ఇంధనం నిలవ చేయడానికి తొలిచిన సొరంగాలు ఉన్నాయి. వాటిని పెంచి కర్మాగారం చేయాలి. 1943 ఆగస్టు 28న, అంటే దాడి జరిగిన పదకొండో రోజున, బుఖెన్‌వాల్డ్ నుంచి 107 మంది ఖైదీలు అక్కడికి చేరారు. ఆ శిబిరానికి పెట్టిన పేరు డోరా. కర్మాగారానికి పెట్టిన పేరు మిటెల్‌వెర్క్, మధ్య కర్మాగారం. పేర్లలో కూడా శిబిరం వేరు, కర్మాగారం వేరు. కొండ మాత్రం ఒకటే.

ఒకదానికొకటి సమాంతరంగా రెండు పెద్ద సొరంగాలు కొండను ఈ వైపు నుంచి ఆ వైపుకు చీల్చుకుపోతాయి. నిచ్చెన మెట్లలాగా 46 అడ్డ సొరంగాలు వాటిని కలుపుతాయి. మొదటి ఏడెనిమిది నెలలు ఖైదీలకు బయట బారకాసులు కట్టలేదు. రాతి గదులలోనే నాలుగంతస్తుల చెక్కబల్లలు వేసి వాటిమీద పడుకోబెట్టారు. ఒక జట్టు దిగితే ఇంకొక జట్టు ఎక్కేది. పక్కనే రాయిని పేల్చడం రాత్రింబగళ్లు సాగేది. ఆ దుమ్మే పీల్చేగాలి. తాగడానికి చాలినంత నీరు లేదు. సగానికి కోసిన డ్రమ్ములు మరుగుదొడ్లు. వారాల తరబడి సూర్యుణ్ణి చూడని మనుషులు అక్కడ పనిచేశారు. క్షయ, విరేచనాలు, న్యుమోనియా. 1944 వసంతం వచ్చేసరికి దాదాపు 3,000 మంది అక్కడే చనిపోయారు. ఇంకో 3,000 మందిని పనికి పనికిరానివాళ్లుగా లెక్కగట్టి మైదానెక్, బెర్గెన్-బెల్సెన్ శిబిరాలకు తోలారు. వాళ్లలో బతికినవాళ్లు అరుదు.

వాళ్లు సోవియట్ యూనియన్‌కు చెందినవారు, పోలండు వారు, ఫ్రాన్సు ప్రతిఘటన ఉద్యమంలో పట్టుబడినవారు, జర్మన్ రాజకీయ ఖైదీలు. 1944లో యూదులను, జిప్సీలని పిలవబడిన రోమా ప్రజలను కూడా తెచ్చారు. శిబిరం కొమ్మలు వేసి నలభై దాకా ఉపశిబిరాలయింది. మొత్తం 60,000 మంది ఆ శిబిరాల గుండా పోయారు. వాళ్లలో దాదాపు 20,000 మంది చనిపోయారు. ప్రతి ముగ్గురిలో ఒకరు.

ఇక్కడ ఒక విషయాన్ని గట్టిగా చెప్పుకోవాలి. ఆ సొరంగంలో ఖైదీలూ ఎస్.ఎస్. కాపలాదారులూ మాత్రమే లేరు. జీతానికి వచ్చే జర్మన్ ఇంజనీర్లు, మేస్త్రీలు, గుమాస్తాలు ఉన్నారు. ఖైదీ బిగించిన మరను పరీక్షించేవాడు, సరిగా లేకపోతే పైకి నివేదిక రాసేవాడు ఆ జీతగాడే. విద్రోహం అని నివేదికలో మాట పడితే ఉరి. 1945 మార్చిలో సొరంగంలో బరువులెత్తే క్రేనుకే ఖైదీలను గుంపులుగా ఉరితీశారు. మిగతావాళ్లను ఆ శవాల పక్కనుంచే పనిలోకి నడిపించారు.

ఇంత చేసి సాధించినదేమిటి? 1944 సెప్టెంబరు 8న తొలి రాకెట్లు పారిస్ శివార్లలోనూ, లండన్‌లోని చిజిక్‌లోనూ పడ్డాయి. ఆ తర్వాత ఆరు నెలల్లో మూడు వేలకు పైగా ప్రయోగించారు. యాంట్వెర్ప్ మీదికి 1,600కు పైగా, లండన్ మీదికి 1,300కు పైగా. నవంబరు 25న లండన్ న్యూక్రాస్‌లో ఒక దుకాణం మీద పడి 168 మంది చనిపోయారు. డిసెంబరు 16న యాంట్వెర్ప్‌లో రెక్స్ సినిమా హాలు మీద పడి 567 మంది చనిపోయారు. లండన్‌లో వి-2 వల్ల మొత్తం మీద రెండువేల ఏడువందల మందికి పైగా మరణించారు. ఇన్ని ప్రాణాలు పోయినా యుద్ధగతి ఒక్కరోజు కూడా మారలేదు. ఒక రాకెట్టు మోసుకుపోయే పేలుడు మందును ఒక మామూలు బాంబరు అంతకన్నా చౌకగా, మళ్లీ మళ్లీ మోయగలదు. పైగా ప్రతి ప్రయోగానికీ టన్నులకొద్దీ బంగాళాదుంపలు ఆల్కహాలుగా మారాలి; జనం ఆకలితో ఉన్న దేశంలో.

లెక్కలు చూస్తే ఒక సత్యం బయటపడుతుంది. ఈ ఆయుధం ఎవరి మీద పడిందో వాళ్లకన్నా దాన్ని చేయడంలో చచ్చినవాళ్లే ఎక్కువ. లోకంలో ఇలాంటి ఆయుధం మరొకటి కనిపించదు. యుద్ధపరంగా అర్థంలేని ఈ ఉత్పత్తి ఎందుకు సాగింది? ఖైదీ ప్రాణానికి వెల లేదు కనుక సాగింది. శ్రమకు వెల కట్టవలసి వస్తే, ఆ లెక్కలు వేసే గుమాస్తానే దీన్ని ఆపించి ఉండేవాడు. రాకెట్టు నాజీ వ్యవస్థలో ప్రమాదవశాత్తు పుట్టిందనీ, మరొకచోట పుట్టినా ఇలాగే ఉండేదనీ వాదించేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. వస్తువు రూపంలోకి ఉత్పత్తి సంబంధాలు కూడా చేరతాయి.

4

1945 ఏప్రిల్ 11న అమెరికన్ సైన్యం నార్డ్‌హౌజెన్ చేరింది. శిబిరంలో శవాలూ, చావుకు సిద్ధంగా ఉన్న మనుషులూ మిగిలారు. నడవగలిగినవాళ్లను ఎస్.ఎస్. అంతకుముందే తరలించుకుపోయింది. వాళ్లలో చాలామంది దారిలో చనిపోయారు. రెండురోజుల తర్వాత గార్డెలెగెన్ దగ్గర వెయ్యిమందికి పైగా ఖైదీలను ఒక గడ్డికొట్టంలోకి తోసి తగలబెట్టారు. అదే రోజుల్లో అదే సైన్యంలోని మరొక విభాగం సొరంగంలోని రాకెట్లను ఓడలకు ఎక్కించడానికి సన్నాహాలు చేస్తున్నది. శవాలను చూసిన కళ్లూ, రాకెట్లను చూసిన కళ్లూ ఒకే సైన్యానివి. రెండో చూపే గెలిచింది.

వందమందికి పైగా రాకెట్టు ఇంజనీర్లు అమెరికా చేరారు. ఫాన్ బ్రౌన్ 1940 నుంచి ఎస్.ఎస్. సభ్యుడు. మిటెల్‌వెర్క్‌కు అనేకసార్లు వెళ్లినవాడు. నైపుణ్యం గల ఖైదీలను ఎంపిక చేయడానికి తాను బుఖెన్‌వాల్డ్ వెళ్లిన సంగతిని 1944 ఆగస్టులో తన చేతితో సంతకం చేసిన ఉత్తరంలో చెప్పినవాడు. 1944 మార్చిలో గెస్టపో అతన్ని కొద్దిరోజులు నిర్బంధించిన మాట కూడా నిజమే. తర్వాతి జీవితంలో ఆ నిర్బంధం పదే పదే ప్రచారంలోకి వచ్చింది. ఆ ఉత్తరం మాత్రం పత్రాల్లోనే ఉండిపోయింది. 1960లో అతని జీవితం మీద సినిమా వచ్చింది. 1969లో అతని నాయకత్వంలో తయారైన శాటర్న్-5 రాకెట్టు మనుషులను చంద్రుడిమీదికి పంపింది. ఆ శాటర్న్ కార్యక్రమానికి మేనేజరు ఎవరు? నిర్బంధ ఖైదీలను పనిలో పెట్టమని 1943లో సిఫారసు చేసి, మిటెల్‌వెర్క్‌లో ఉత్పత్తి నడిపించిన ఆర్థర్ రూడాల్ఫ్. విచారణ ఎదుర్కోవడానికి బదులు 1984లో అతడు అమెరికా పౌరసత్వం వదులుకొని జర్మనీకి వెళ్లిపోయాడు.

1947లో డకావ్‌లో అమెరికన్ సైనిక న్యాయస్థానం డోరా నేరాలపై విచారణ జరిపింది. ముద్దాయిలు పందొమ్మిది మంది. పద్నాలుగురు ఎస్.ఎస్. వాళ్లు, నలుగురు ఖైదీల మీద పెత్తనం చేసిన ఖైదీలు. కర్మాగారం తరఫున ఒక్కడే: జనరల్ డైరెక్టర్ గెయోర్గ్ రిక్‌హై. అతడు నిర్దోషిగా విడుదలయ్యాడు. కొట్టినవాడు నేరస్థుడు, కొట్టించిన ఉత్పత్తి ప్రణాళిక నేరం కాదు. న్యాయస్థానం కూడా కర్మాగారాన్నీ శిబిరాన్నీ విడదీసే చదివింది.

అమెరికాను మాత్రమే వేలెత్తి చూపి ఊరుకుంటే మన విమర్శ సగమే అవుతుంది. 1946 అక్టోబరులో సోవియట్ ప్రభుత్వం తన వంతు జర్మన్ ఇంజనీర్లను రైళ్లెక్కించి తీసుకుపోయింది. 1948లో ఎగిరిన సోవియట్ ఆర్-1 రాకెట్టు వి-2కు నకలు. ఆ కార్యక్రమాన్ని నడిపిన సెర్గీ కొరొల్యోవ్ 1938లో స్టాలిన్ పోలీసుల చేతికి చిక్కి, చిత్రహింసలు పడి, కొలీమా గనులలో చావు అంచుదాకా వెళ్లి, ఆ తర్వాత ఖైదీల రూపకల్పనా కార్యాలయంలో పనిచేసి వచ్చినవాడు. 1957లో స్పుత్నిక్‌ను పంపిన చేతులు కూడా చెర ఎరిగిన చేతులే. అతని పేరును బతికుండగా ప్రపంచానికి చెప్పలేదు. 1966లో చనిపోయిన తర్వాతే చెప్పారు. కర్తను దాచడంలో రెండు శిబిరాలూ ఒకరికొకరు తీసిపోలేదు.

తూర్పు జర్మనీ 1964లో డోరాలో స్మారక కేంద్రం ఏర్పాటుచేసింది. అది మంచిపని. ఫాసిస్టు వ్యతిరేక ప్రతిఘటనను, జర్మన్ గుత్తపెట్టుబడి నేరాన్ని, ఫాన్ బ్రౌన్ అమెరికాలో పొందుతున్న గౌరవాన్ని అది ఎత్తిచూపింది. ఆ మాటలన్నీ నిజం. కాని ఏ ప్రతిఘటన సంఘంలోనూ లేకుండా, వీరత్వం చూపే అవకాశం కూడా లేకుండా, తిండిలేక దుమ్ములో రాలిపోయినవాళ్లకు అందులో దొరికిన చోటు తక్కువ. తమ సొంత రక్షణకు నిలిచిన సోవియట్ రాకెట్ల వంశవృక్షం గురించి మౌనం. పీనెముండె అదే కాలంలో తూర్పు జర్మన్ సైనిక స్థావరం. మామూలు మనిషికి ప్రవేశం లేదు. ఒకచోట స్మృతి, మరొకచోట కంచె. మధ్యనున్న దారి కనబడదు.

1990లో రెండు జర్మనీలు కలిశాక ఆ కంచె పోయింది. అయితే ఏం జరిగింది? 1992 అక్టోబరు 3కు తొలి ప్రయోగానికి యాభై ఏళ్లు. రోదసీ యానానికి అది స్వర్ణోత్సవమని, ఘనంగా జరపాలని జర్మన్ విమాన, రోదసీ పరిశ్రమల వాళ్లు తలపెట్టారు. ప్రభుత్వంలోని ఉన్నతాధికారి అండగా నిలిచాడు. బ్రిటన్ నుంచీ ఇతర దేశాల నుంచీ నిరసన లేవడంతో ఆ ఉత్సవం ఆగిపోయింది. ఈ దెబ్బతో పీనెముండె మ్యూజియం కూడా తన కథను తిరగరాసుకోవలసి వచ్చింది. ఈనాటి ప్రదర్శనలో ఇంజనీరు గీతల పక్కన బలవంతపు కూలీల జీవితం ఉంది. లండన్, యాంట్వెర్ప్ శిథిలాలు ఉన్నాయి. వాషింగ్టన్‌లోని విమాన, రోదసీ మ్యూజియంలో కూడా 1990లో వి-2 దగ్గర ఖైదీల గురించి, బాధితుల గురించి వివరాలు చేర్చారు. ఉత్తర ఫ్రాన్సులో విజెర్న్ దగ్గర రాకెట్టు ప్రయోగానికి కట్టిన మహా కాంక్రీటు గుమ్మటం 1997లో మ్యూజియమై, ఆక్రమణ కాలపు చరిత్రను కూడా చెబుతున్నది. ఇవేవీ పాలకుల ఉదారత వల్ల రాలేదు. బతికి బయటపడ్డవాళ్లు నోరు విప్పడం వల్ల, చరిత్రకారులు పత్రాలు తవ్వడం వల్ల, జనం అడ్డుచెప్పడం వల్ల వచ్చాయి.

5

ఇక్కడే సాహిత్యం ప్రసక్తి వస్తుంది. ప్రభుత్వాలు మూసిపెట్టిన కాలంలో డోరా పేరు బతికించినవి ప్రధానంగా పుస్తకాలు. ఫ్రెంచి ప్రతిఘటన యోధుడు జాఁ మిషెల్ 1975లో ‘డోరా’ అనే పుస్తకం ప్రచురించాడు. మరొక ఖైదీ ఈవ్ బెయోఁ 1985లో ‘డోరా గ్రహం’ అనే అర్థం వచ్చే పేరుతో తన అనుభవాలు రాశాడు. చంద్రగ్రహణాల భాష మాట్లాడే రోదసీ యుగానికి ఆ పేరే ఒక జవాబు: మీరు వెతుకుతున్న వేరే గ్రహం ఇక్కడే, భూమి లోపల ఉంది. స్లోవీన్ రచయిత బోరిస్ పాహోర్, ఆస్ట్రియాలో పుట్టిన వ్యాసకర్త జాఁ అమెరీ కూడా ఈ శిబిరాల గుండా పోయినవాళ్లే.

అమెరికన్ నవలాకారుడు టామస్ పించన్ 1973లో వెలువరించిన ‘గ్రావిటీస్ రెయిన్‌బో’ వి-2 చుట్టూ అల్లిన బృహన్నవల. అందులో పోక్లర్ అనే ఇంజనీరు ఉన్నాడు. రాకెట్టే అతని లోకం. అతని భార్యను, కూతురును శిబిరంలో పెట్టారు. అడపాదడపా కూతుర్ని చూపించి అతని చేత పని చేయిస్తుంటారు. డోరా అతని కర్మాగారానికి గోడ అవతలే ఉన్నదని చివరికి తెలుస్తుంది. అప్పుడతను లోపలికి వెళ్లి, ముక్కూమొహం తెలియని, చావుకు దగ్గరైన ఒక స్త్రీ పక్కన కూర్చొని, లేచి వచ్చేముందు తన పెళ్లి ఉంగరం ఆమె వేలికి తొడుగుతాడు. రచయిత ఇక్కడ ఇంజనీరును రాక్షసుణ్ణి చేయలేదు, క్షమించనూ లేదు. తెలియకపోవడం అనేది కూడా కష్టపడి సాధించుకున్న స్థితి అని చూపించాడు.

సాక్ష్యానికీ నవలకూ ఇక్కడ ఒక తేడా ఉంది. ఖైదీ రాసిన పుస్తకంలో రాకెట్టు దాదాపు కనిపించదు. కనిపించేవి రొట్టెముక్క, చెక్క అడుగుల చెప్పు, పక్కవాడి దగ్గు, మోయవలసిన ఇనుప రేకు. తాము చేస్తున్నది ఏమిటో చాలామందికి మొదట్లో తెలియనే తెలియదు. ఇంజనీరు రాసిన పుస్తకంలో అంతా రాకెట్టే, మనిషి కనిపించడు. డార్న్‌బర్గర్ 1952లో ప్రచురించిన జ్ఞాపకాలలో శిబిరం ఖైదీల బతుక్కు చోటు దొరకలేదు. నవల మాత్రమే ఆ రెండు గ్రంథాల మధ్య గోడను పగలగొట్టి, ఒకే పేజీ మీద రెంటినీ నిలబెట్టగలిగింది. చరిత్ర రచన ఆ పని ఆలస్యంగా చేసింది. చరిత్రకారుడు మైకేల్ న్యూఫెల్డ్ 1995లో రాసిన గ్రంథంలో రాకెట్టు నిర్మాణమూ, బానిస చాకిరీ ఒకే కథనంగా వచ్చాయి. వాస్తవికత అంటే వివరాలు పోగుచేయడమే కాదని, విడగొట్టిన వాటి మధ్య సంబంధాన్ని తిరిగి కలపడమని మన విమర్శకులు చెబుతూ వచ్చిన మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

6

ఇదంతా ఎక్కడో జర్మనీ కథ, మనకేమిటి అనుకోవడానికి వీల్లేదు. యుద్ధానంతరం పీనెముండె ఇంజనీర్లలో కొందరు ఫ్రాన్సులోని వెర్నోన్‌లో పని చేశారు. వాళ్లలో ఒకరైన కార్ల్ హైన్జ్ బ్రింగర్ ఫ్రెంచి రాకెట్టు ఇంజన్ల రూపకల్పనలో ముఖ్యుడు. ఆ పరంపరలో వచ్చినది వైకింగ్ ఇంజను. 1974 ఒప్పందం మేరకు భారత ఇంజనీర్లు వెర్నోన్ వెళ్లి, ఆ సాంకేతికాన్ని నేర్చి, ఇక్కడికి తెచ్చి వికాస్ ఇంజను తయారు చేశారు. 2023 జూలైలో చంద్రయాన్-3ను శ్రీహరికోట నుంచి మోసుకుపోయిన రాకెట్టులో రెండు వికాస్ ఇంజన్లున్నాయి. మన ఇంజనీర్లకు డోరాతో ఏ పాపమూ లేదు. వాళ్లు నేర్చినదానికి ఎన్నో ఏళ్ల సొంత కృషి జోడించారు. కాని జ్ఞానానికి వంశం ఉంటుంది. ఆ వంశం తెలుసుకోవడం జ్ఞానాన్ని కించపరచడం కాదు.

శ్రీహరికోట కూడా ఒక ద్వీపమే. పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న ఆ నేలను 1969లో రాకెట్టు కేంద్రానికి ఎంపిక చేశారు. అప్పటికి అక్కడ తరతరాలుగా అడవిలో దుంపలు తవ్వి, తేనె తీసి, చేపలు పట్టి బతికే యానాదులు ఉన్నారు. వాళ్లు ఆ దీవి విడిచి పోవలసి వచ్చింది. దీన్ని డోరాతో పోల్చడం అన్యాయం, పోల్చను. చంపడం వేరు, కదిలించడం వేరు. కాని మన పాఠ్యపుస్తకాలలోని వాక్యం చూడండి: “జనసంచారం లేని ద్వీపాన్ని ఎంపిక చేయడం జరిగింది” అన్న ధోరణిలో ఉంటుంది. ‘చేయడం జరిగింది’ అన్న ఆఫీసు తెలుగు పుట్టింది ఇలాంటి చోట్ల పనికిరావడానికే. ఎవరు చేశారు? జనసంచారం లేకపోతే లేచిపోయినవాళ్లెవరు? శ్రీశ్రీ ‘దేశ చరిత్రలు’ చదివి పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ ప్రశ్న కొత్తది కాదు. కాని రాజుల కట్టడాల దగ్గర అడిగినంత ధైర్యంగా మనం దాన్ని యంత్రాల దగ్గర అడగడంలేదు. శాస్త్ర సాంకేతికం అనగానే, అది ప్రగతి పక్షం కనుక, మన కలం కొంచెం వంగుతుంది.

అభ్యుదయ రచయిత సైన్సుకు వ్యతిరేకి కాలేడు. రాకెట్టును పాపపు వస్తువుగా చూసి వెనక్కి తిరిగిపోవడం మన దారి కాదు. వాతావరణాన్ని చెప్పే ఉపగ్రహం మీద మన జాలర్ల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. అదే సమయంలో, చంద్రుణ్ణి చేరాం కనుక సొరంగాన్ని మరచిపోదాం అనే వాదాన్ని అంగీకరించలేం. ఆ వాదం ఫలితాన్ని చూపించి శ్రమను రద్దు చేస్తుంది. పీనెముండెలో ఈనాడు విద్యుత్ కేంద్రం చూసిన సందర్శకుడు డోరా సొరంగం కూడా చూస్తేనే ఒక మ్యూజియం పూర్తిగా చూసినట్టు. ఆ రెండూ రెండు వేర్వేరు సంస్థలు కావచ్చు. వందల కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. వస్తువు ఒకటే, దాన్ని చేసిన చరిత్ర ఒకటే.

మన ప్రాంతాల్లో ఇలాంటి వస్తువులు చాలా ఉన్నాయి. ఆనకట్టలు, గనులు, ఉక్కు కర్మాగారాలు, ప్రయోగ కేంద్రాలు. వాటి గురించి ప్రారంభోత్సవ ఫలకాలున్నాయి. ఇంజనీర్ల జ్ఞాపకాలు కొన్ని ఉన్నాయి. రాళ్లు మోసినవాళ్ల, ఊళ్లు వదిలినవాళ్ల మాటలు నమోదు చేసిన పుస్తకాలు అరుదు. ఆ మాటలు తెలిసిన ముసలివాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. డోరా ఖైదీల పుస్తకాలు రావడానికి ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు పట్టింది. అప్పటికి చాలామంది సాక్షులు లేరు. సాహిత్య విద్యార్థులు పరిశోధనాంశాల కోసం వెతుకుతూ ఉంటారు. తమ జిల్లాలోని ఒక కట్టడాన్ని తీసుకొని, దాని గురించి అచ్చయిన వాక్యాలలో ‘జరిగింది’, ‘అయింది’, ‘చేయబడింది’ అన్న ప్రతిచోటా ఎవరు అని అడుగుతూ పోతే, ఆ జాబితాయే మంచి పరిశోధన అవుతుంది. దొరికిన పేర్లను కథలోకి, నవలలోకి తెచ్చే పని రచయితలది.